నదికీ నందికీ తేడా తెలియని డేటాబేస్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డేటాబేస్‌లో తెలుగు దాచడం, వెతకడం, వరసలో పెట్టడం గురించి హైదరాబాద్ పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నాం. ఆదేశాలు, సెట్టింగుల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలోనే అచ్చువేశాం. మెషీన్ మీద మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. హెక్స్ (పదహారు అంకెల పద్ధతి) అంకెల్లో వచ్చే అక్షరాలను కూడా ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్ అనే రాశాం.

ప్రశ్న: అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సు చేస్తున్నాను సార్. క్యారెక్టర్ సెట్, ఎన్‌కోడింగ్, కొలేషన్ మూడూ ఒకటేనని ఒక నోట్సులో ఉంది, వేర్వేరని ఇంకో నోట్సులో ఉంది. తెలుగు సరిగ్గా కనబడకపోతే కొలేషన్ మార్చమని చెబుతున్నారు. అది పనిచేస్తుందా? (ఒక విద్యార్థిని, అమీర్‌పేట)

మూడూ వేరమ్మా. ఏయే అక్షరాలున్నాయి, ఒక్కోదానికి ఏ నంబరు అని చెప్పే జాబితా క్యారెక్టర్ సెట్. యూనికోడ్ అలాంటి జాబితా. అందులో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 స్థానాలున్నాయి. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే మన లిపి చేరింది. ఆ నంబరును డిస్కు మీద ఏ బైట్లుగా రాయాలో చెప్పేది ఎన్‌కోడింగ్. 'త' నంబరు 0సీ24. యూటీఎఫ్-8లో రాస్తే అది ఈ0 బీ0 ఏ4 అని మూడు బైట్లవుతుంది, యూటీఎఫ్-16లో రెండే. 'తెలుగు' అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు నంబర్లున్నాయి కాబట్టి యూటీఎఫ్-8లో 18 బైట్లు పడుతుంది.

కొలేషన్ బైట్లను రాయదు, చదవదు. రెండు మాటలు ఎదురుపడినప్పుడు అవి సమానమా, కాకపోతే ఏది ముందు అని తీర్పు చెప్పడమే దాని పని. ఈక్వల్ గుర్తు, ఆర్డర్ బై, గ్రూప్ బై, డిస్టింక్ట్, యూనిక్ కీ, ఇండెక్స్ వంటి చోట్లే దానికి పని పడుతుంది. తెర మీద అక్షరం చెత్తగా కనబడుతోందంటే తప్పు ఎన్‌కోడింగ్‌లో ఉంది. అక్షరాలు బాగానే ఉండి వరస తప్పినా, వెతికితే దొరకకపోయినా, వేర్వేరు పేర్లను ఒకటే అన్నా అప్పుడు కొలేషన్‌ను చూడాలి.

మరి ఇంతమంది ఈ రెంటినీ ఎందుకు కలిపేస్తున్నారంటే, డేటాబేస్ తయారీదార్లే ముడిపెట్టారు. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి కొలేషనూ ఒక్క క్యారెక్టర్ సెట్‌కే చెందుతుంది, దాని పేరు కూడా ఆ సెట్ పేరుతోనే మొదలవుతుంది. అందుకే కాలమ్‌కు కొత్త కొలేషన్ ఇస్తే ఒక్కోసారి దాని కింద క్యారెక్టర్ సెట్ కూడా మారిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వార్‌చార్ (మాటలు దాచే రకం) కాలమ్ ఏ కోడ్ పేజీలో (పాత తరహా ఎన్‌కోడింగ్‌లో) రాయాలో కొలేషనే నిర్ణయిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఎన్‌కోడింగ్ డేటాబేస్ మొత్తానికి ఒకటే, కొలేషన్ మాత్రం కాలమ్ కాలమ్‌కూ మార్చుకోవచ్చు. 'కొలేషన్ మార్చాను, తెలుగు వచ్చింది' అని ఎవరైనా అన్నారంటే అక్కడ నిజంగా మారింది దాని వెనకున్న క్యారెక్టర్ సెట్. వచ్చిన తెలుగు కూడా ఆ తర్వాత ఎక్కించిన వరసల్లోనే (టేబుల్ రోల్లోనే) ఉంటుంది. అంతకుముందు పాడైనవి పాడైనట్టే ఉంటాయి.

మీ నోట్సులో లాటిన్1_స్వీడిష్_సీఐ అనే పేరు తప్పక తగిలి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా డిఫాల్ట్ అదే. ఆ డేటాబేస్ స్వీడన్ కంపెనీలో పుట్టింది కాబట్టి ఆ పేరు వచ్చింది, అంతకుమించి రహస్యమేమీ లేదు. 2018లో విడుదలైన 8.0 నుంచి డిఫాల్ట్ యూటీఎఫ్8ఎంబీ4 అయింది.

ప్రశ్న: మా పాత మైఎస్‌క్యూఎల్ టేబుల్‌లో సభ్యుల పేర్లన్నీ పైన వాలుగీత ఉన్న ఏ, డిగ్రీ గుర్తు, ప్లస్-మైనస్ గుర్తులుగా కనబడుతున్నాయి. కొన్ని వరసల్లో ప్రశ్నార్థకాలు మాత్రమే ఉన్నాయి. బాగుచేసే దారి ఉందా? (కూకట్‌పల్లి)

మీరు వర్ణించినవి యూటీఎఫ్-8 తెలుగు బైట్లే. వాటిని లాటిన్1 (పశ్చిమ యూరప్ భాషలకు వాడే ఒక్క బైటు ఎన్‌కోడింగ్) అనుకుని చదివారు. తెలుగు అక్షరం ఏదైనా మొదటి బైటు ఈ0, రెండోది బీ0 గానీ బీ1 గానీ అవుతుంది. లాటిన్1లో ఈ0 అంటే వాలుగీత ఏ, బీ0 అంటే డిగ్రీ గుర్తు, బీ1 అంటే ప్లస్-మైనస్. ఈ జంట కనబడితే డేటా ఇంకా బతికే ఉన్నట్టు.

అయితే తెర మీద ఒకేలా కనబడే రోగాలు రెండున్నాయి, మందులు వేరు. కంటిచూపుతో తేల్చకండి. సెలెక్ట్ పేరు, హెక్స్(పేరు) ఫ్రమ్ సభ్యులు అని నడిపి, 'త'తో మొదలయ్యే పేరు ఒకటి తీసుకుని చూడండి.

ఈ0 బీ0 ఏ4 అని మొదలైతే బైట్లు సరైనవే, కాలమ్‌కు అంటించిన లేబుల్ మాత్రం లాటిన్1 అయింది. ఇక్కడ చాలామంది కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ ఆదేశం ఇచ్చి చేజేతులా పాడుచేసుకుంటారు. మైఎస్‌క్యూఎల్ ఆ లేబుల్‌ను నమ్మి, ఒక్కో బైటునూ ఒక్కో లాటిన్ అక్షరమనుకుని మళ్లీ యూటీఎఫ్-8లోకి మారుస్తుంది. అప్పుడు రెండో రోగం మొదలవుతుంది. సరైన పద్ధతి రెండు అడుగులు. ముందు ఆల్టర్ టేబుల్ సభ్యులు మోడిఫై పేరు వార్‌బైనరీ(100) అని లేబుల్ తీసేయాలి. తర్వాత ఆల్టర్ టేబుల్ సభ్యులు మోడిఫై పేరు వార్‌చార్(100) క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని కొత్త లేబుల్ అంటించాలి. వార్‌బైనరీకి లేబుల్ లేదు కనుక బైట్లను ఎవరూ కదిలించరు. మోడిఫైలో పాత నాట్ నల్, డిఫాల్ట్ మాటలను మళ్లీ రాయాలి, లేకపోతే అవి ఊడిపోతాయి. లాటిన్1 వార్‌చార్(100)లో పట్టేవి 100 బైట్లు, అంటే 33 తెలుగు నంబర్లే. అంతకంటే పొడుగు పేర్లు ఎప్పుడో అక్షరం మధ్యలో తెగిపోయి ఉంటే రెండో అడుగులో 1366 ఎర్రర్ వస్తుంది. ఆ వరసల్లో చివర మిగిలిన ఒకటి రెండు బైట్లను తుడిచి మళ్లీ నడపండి.

హెక్స్‌లో సీ3ఏ0 సీ2బీ0 సీ2ఏ4 అని వస్తే అది రెండుసార్లు ఎన్‌కోడ్ అయిన డేటా. దానికి అప్‌డేట్ సభ్యులు సెట్ పేరు = కన్వర్ట్(కాస్ట్(కన్వర్ట్(పేరు యూజింగ్ లాటిన్1) యాజ్ బైనరీ) యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4) అని రాసి, చివర వేర్ హెక్స్(పేరు) లైక్ '%సీ3ఏ0సీ2బీ%' అని తప్పకుండా చేర్చండి. ఆ వేర్ లేకపోతే సరిగ్గా ఉన్న పేర్లు కూడా లాటిన్1లోకి మారబోయి ప్రశ్నార్థకాలవుతాయి. ఒకే టేబుల్‌లో మంచి వరసలు, పాడైన వరసలు కలిసి ఉండటం మామూలే. వెబ్‌సైట్ నుంచి వచ్చినవి ఒకలా, ఎక్సెల్ నుంచి ఎక్కించినవి ఇంకోలా ఉంటాయి. ముందు బ్యాకప్, తర్వాత పది వరసల మీద సెలెక్ట్‌తో పరీక్ష, ఆ తర్వాతే అప్‌డేట్.

ఈ పనిని పైథాన్‌లో సీపీ1252 (విండోస్ లాటిన్ కోడ్ పేజీ) పెట్టి చేద్దామనుకునేవారికి ఒక మాట. సీపీ1252లో 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ అనే ఐదు బైట్లకు అర్థం లేదు. మన పొల్లు చివరి బైటు 8డీ, ఉకారపు కొమ్ముది 81, ఏ అక్షరానిది 8ఎఫ్, ఐ అక్షరానిది 90, ఝ అక్షరానిది 9డీ. పొల్లూ కొమ్మూ లేని తెలుగు వాక్యం ఎక్కడుంటుంది? పైథాన్ అక్కడే ఆగిపోతుంది. మైఎస్‌క్యూఎల్ లాటిన్1 అని పిలిచేది నిజానికి సీపీ1252నే, కానీ ఆ ఐదు బైట్లనూ పోనివ్వకుండా అటూ ఇటూ తిప్పగలదు. అందుకే ఈ మరమ్మతు డేటాబేస్ లోపలే చేయడం మేలు.

హెక్స్‌లో 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని వచ్చిన వరసలను వదులుకోండి. అవి నిజంగానే ప్రశ్నార్థకాలు, వెనక తెలుగేమీ దాగిలేదు. కాగితం దరఖాస్తులుంటే చూసి మళ్లీ టైపు చేయాలి.

మళ్లీ ఇది జరగకూడదంటే కాలమ్ ఒక్కటే మారిస్తే చాలదు. కనెక్షన్ కూడా యూటీఎఫ్8ఎంబీ4 అయి ఉండాలి. షో వేరియబుల్స్ లైక్ 'క్యారెక్టర్_సెట్%' అని అడిగి క్లయింట్, కనెక్షన్, రిజల్ట్స్ మూడింటి విలువలూ చూడండి. పీహెచ్‌పీలో పీడీఓ వాడుతుంటే కనెక్షన్ వాక్యంలోనే చార్‌సెట్=యూటీఎఫ్8ఎంబీ4 అని రాయాలి. ఆల్టర్ డేటాబేస్‌తో డిఫాల్ట్ మారిస్తే ఇకపై పుట్టే టేబుళ్లకే వర్తిస్తుంది, ఉన్నవి కదలవు. ఆల్టర్ టేబుల్ డిఫాల్ట్ కూడా ఇకపై చేర్చే కాలమ్‌ల మీదే పనిచేస్తుంది.

ప్రశ్న: కాలనీ గ్రంథాలయానికి పుస్తకాల జాబితా తయారుచేస్తున్నాం. మైఎస్‌క్యూఎల్ 8, యూటీఎఫ్8ఎంబీ4, అన్నీ డిఫాల్టే. తెలుగు చక్కగా కనబడుతోంది. కానీ 'నది' అని వెతికితే 'నంది' కూడా వస్తోంది. పేరు కాలమ్‌కు యూనిక్ కీ పెడితే రెండో పుస్తకాన్ని ఎక్కించనివ్వడం లేదు. అకారాది క్రమం కూడా కుదరడం లేదు. (చిక్కడపల్లి)

ఈ నెల ప్రశ్నల్లో దీనికే ఎక్కువ చోటిస్తున్నాం. డిఫాల్ట్ కొలేషన్‌తో తెలుగు వాడే ప్రతి మైఎస్‌క్యూఎల్ 8 టేబుల్‌లోనూ ఈ గుంట ఉంది, పడేదాకా తెలియదు.

మీ డిఫాల్ట్ కొలేషన్ యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ. ఇకపై చివరి భాగాలే రాస్తాం. 0900 అంటే యూనికోడ్ కొలేషన్ పద్ధతి 9.0.0 వెర్షన్. ఆ పద్ధతిలో ప్రతి గుర్తుకూ మూడు అంచెల బరువులుంటాయి. మొదటి అంచె అసలు అక్షరానిది, రెండోది అక్షరం మీద పెట్టే గుర్తులది, మూడోది పెద్దబడి చిన్నబడి తేడాది. ఏఐ_సీఐ మొదటి అంచె మాత్రమే చూస్తుంది. ఫ్రెంచి మాటను మీద గీత లేకుండా కొట్టినా దొరకాలన్న ఉద్దేశంతో అలా పెట్టారు. చిక్కేమిటంటే, యూనికోడ్ మూలపట్టికలో మన సున్న, అరసున్న, విసర్గలకు మొదటి అంచె బరువే లేదు. వాటిని కూడా గుర్తుల్లో లెక్కవేసి రెండో అంచెలో పెట్టారు. దాంతో ఏఐ_సీఐకి సున్న కనబడదు. నది-నంది, పది-పంది, పడు-పండు అన్నీ దాని దృష్టిలో ఒకటే. గుణింతపు గుర్తులకూ పొల్లుకూ మొదటి అంచెలోనే బరువుంది కాబట్టి అవి పోవు.

నమ్మకం కుదరకపోతే సెలెక్ట్ 'నది' = 'నంది' కొలేట్ యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అని అడగండి, 1 వస్తుంది. చివర ఏఎస్_సీఐ పెట్టి అడిగితే 0 వస్తుంది. అదే మీకు కావలసిన కొలేషన్. రెండో అంచె కూడా చూస్తుంది కనుక సున్న తేడా పట్టుకుంటుంది. మూడోది చూడదు కనుక ఇంగ్లిష్ పేరును పెద్దబడిలో కొట్టినా చిన్నబడిలో కొట్టినా దొరుకుతుంది. ఆల్టర్ టేబుల్ పుస్తకాలు కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 కొలేట్ యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఎస్_సీఐ అంటే సరిపోతుంది. మీ బైట్లు ముందే సరిగ్గా ఉన్నాయి కాబట్టి ఇక్కడ కన్వర్ట్ వల్ల ప్రమాదం లేదు.

'పాత జనరల్_సీఐ పెట్టుకుంటే పోలా' అనే సలహా కూడా వినబడుతుంది. అది తెలుగు గుర్తులను వాటి నంబర్ల ప్రకారం పోలుస్తుంది, కాబట్టి నదీ నందీ వేరే అవుతాయి, నిజమే. కానీ కనబడని నాన్‌జాయినర్ దగ్గర దెబ్బతింటుంది. 'రాజ్‌కుమార్' అన్న పేరులో జ్ తర్వాత కీబోర్డు చాలాసార్లు 200సీ నంబరు గుర్తును చేరుస్తుంది. పొల్లు పక్కనున్న అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడం దాని పని, కంటికి కనబడదు. ఒకరు దానితో, ఇంకొకరు అది లేకుండా టైపు చేస్తే జనరల్_సీఐకి అవి రెండు పేర్లు. 0900 కొలేషన్లు దానికి ఏ అంచెలోనూ బరువివ్వవు కాబట్టి ఒకటిగానే చూస్తాయి. జనరల్_సీఐతో ఇంకో తమాషా కూడా ఉంది. ఎమోజీలన్నీ దానికి ఒకటే. నవ్వు ముఖం, ఏడుపు ముఖం సమానం.

మన ఊరి పేరుతోనే ఇంకో పరీక్ష చేయొచ్చు. 'హైదరాబాద్'లో ఐత్వాన్ని 0సీ48 అనే ఒకే నంబరుగా రాయొచ్చు, లేదా ఎత్వం 0సీ46, దాని కింద వచ్చే గుర్తు 0సీ56 అని రెండుగానూ రాయొచ్చు. తెర మీద తేడా ఉండదు. మొదటి రకంలో చార్_లెంగ్త్ 9, లెంగ్త్ 27 బైట్లు. రెండో రకంలో 10, 30. నంబర్లను మాత్రమే పోల్చే బిన్ కొలేషన్లకు ఇవి వేర్వేరు ఊళ్లు. ఎక్కించే ముందే ప్రోగ్రాంలో ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (రెండుగా రాసినదాన్ని ఒకే నంబరుగా కలపడం) చేయించడం దీనికి మందు. మైఎస్‌క్యూఎల్‌లో దానికి ఫంక్షన్ లేదు, పైథాన్‌లో, జావాలో ఉంది.

ఇక అకారాది. ఏఎస్_సీఐ సమానత్వం దగ్గర సరైనదే కానీ వరస దగ్గర నిఘంటువును అనుసరించదు. నకలు, నది, నంది, నవ్వు అని పెడుతుంది. సున్న తేడాను చివర మాత్రమే చూస్తుంది కదా, అందుకని నది పక్కనే నంది వచ్చి కూర్చుంటుంది. మన నిఘంటువుల్లో సున్న ఉన్న మాటలు ముందు రావాలి: నంది, నకలు, నది, నవ్వు. మైఎస్‌క్యూఎల్‌లో తెలుగుకంటూ ప్రత్యేక కొలేషన్ లేదు. కాని యూనికోడ్‌లో సున్నకు 0సీ02 అని అచ్చులకంటే ముందు నంబరు ఇచ్చారు. తర్వాత అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, చివర పొల్లు వస్తాయి. ఈ వరస నిఘంటువు వరసకు చాలా దగ్గర. కాబట్టి జాబితా అచ్చువేసేటప్పుడు మాత్రం ఆర్డర్ బై పేరు కొలేట్ యూటీఎఫ్8ఎంబీ4_0900_బిన్ అని రాయండి. ఇది 8.0.17 నుంచి ఉంది, అంతకు ముందువాటిలో యూటీఎఫ్8ఎంబీ4_బిన్ వాడండి. నంబర్ల వరసలో ళ వెళ్లి ల పక్కన, ఱ వెళ్లి ర పక్కన చేరతాయి. వర్ణమాలలో లాగా చివరికి రావు. గ్రంథాలయ జాబితాకు అది పెద్ద లోపం కాదని మా అభిప్రాయం. కాదనుకుంటే ఆ రెంటినీ మార్చి రాసిన వరస కీని వేరే కాలమ్‌లో దాచుకోవాలి.

చివరిగా లైక్ సంగతి. అది మాటను మొత్తంగా పోల్చదు, ఒక్కో గుర్తునూ విడిగా పోలుస్తుంది. అందుకని ఈక్వల్‌తో దొరికింది లైక్‌తో దొరక్కపోవచ్చు. వెతుకులాటకు విడిగా ఒక కాలమ్ పెట్టి, అందులో నాన్‌జాయినర్ తీసేసిన పేరు దాచండి. రీప్లేస్(పేరు, కన్వర్ట్(అన్‌హెక్స్('ఈ2808సీ') యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4), '') అంటే అది పోతుంది. వెతికేవారు కొట్టిన మాటలోనూ అదే తీసేయాలి.

ప్రశ్న: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగు పేరు ఇన్‌సర్ట్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. కొలేషన్‌ను ఇండిక్_జనరల్ చేద్దామంటే ఒప్పుకోవడం లేదు. (నాంపల్లి)

మీ కాలమ్ వార్‌చార్ అయి ఉంటుంది. ఎస్‌క్యూఎల్_లాటిన్1_జనరల్_సీపీ1_సీఐ_ఏఎస్ అనే కొలేషన్ ఉన్న వార్‌చార్ కాలమ్ సీపీ1252 కోడ్ పేజీలో రాస్తుంది. అందులో తెలుగు అక్షరమే లేదు కాబట్టి ఒక్కోదానికి ఒక ప్రశ్నార్థకం వేసి ఊరుకుంటుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ఇండిక్_జనరల్ కొలేషన్లకు కోడ్ పేజీయే లేదు. అవి యూనికోడ్ కాలమ్‌లకే పనికొస్తాయి, అందుకే వార్‌చార్ మీద పెట్టనివ్వలేదు.

కాలమ్‌ను ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ పట్టే రకం) చేయండి. అక్కడితో ఆగకండి. ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా రాసే తెలుగు మాట ముందు, కొటేషన్‌కు బయట, పెద్దబడి ఎన్ అక్షరం ఉండాలి. అది లేకపోతే ఆ మాట కాలమ్‌ను చేరకముందే డేటాబేస్ కోడ్ పేజీలో ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. కాలమ్ ఎంత మంచిదైనా లాభం లేదు. వేర్ షరతులో కూడా ఆ ఎన్ కావాలి. డాట్‌నెట్ ప్రోగ్రాం అయితే పారామీటర్ రకం ఎన్‌వార్‌చార్ అని చెప్పండి.

2019 వెర్షన్ నుంచి పేరు చివర యూటీఎఫ్8 అని ఉండే కొలేషన్లు వచ్చాయి, వాటితో వార్‌చార్‌లోనూ తెలుగు పడుతుంది. చోటు కలిసొస్తుందని మాత్రం ఆశపడకండి. ఇంగ్లిష్‌కు ఆదా కానీ, తెలుగుకు ఎన్‌వార్‌చార్‌లో రెండు బైట్లయ్యే గుర్తు ఇక్కడ మూడవుతుంది. పైగా వార్‌చార్(30)లో 30 అంటే బైట్లు, అంటే పది గుర్తులే. 'హైదరాబాద్' పట్టి ఇంకొక్క గుర్తుకు చోటు మిగులుతుంది.

ప్రశ్న: కొత్త టేబుల్‌నూ పాత టేబుల్‌నూ జాయిన్ చేస్తే 'ఇల్లీగల్ మిక్స్ ఆఫ్ కొలేషన్స్' అని 1267 ఎర్రర్ వస్తోంది. రెండూ యూటీఎఫ్8ఎంబీ4నే కదా? (మాదాపూర్)

ఎన్‌కోడింగ్ ఒకటే, తీర్పరులు ఇద్దరు. పాతది జనరల్_సీఐ, కొత్తది 0900_ఏఐ_సీఐ అయి ఉంటుంది. ఎవరి తీర్పు ప్రకారం సమానమో చెప్పలేక సర్వర్ ఆగిపోయింది. జాయిన్ షరతులో ఒక పక్క కొలేట్ అని రాస్తే ఎర్రర్ పోతుంది, కానీ ఆ పక్క కాలమ్ ఇండెక్స్ పనిచేయదు. లక్షల వరసలుంటే క్వెరీ ఈడుస్తుంది. అత్యవసరానికి సరే, శాశ్వతంగా అయితే పాత టేబుల్‌నే మార్చాలి.

మార్చే ముందు మూడు చూడండి. యూనిక్ కీ ఉన్న కాలమ్‌ను కొత్త కొలేషన్‌లో గ్రూప్ బై చేసి, కౌంట్ 1 కంటే ఎక్కువ వచ్చే వరసలు తీయండి. లేకపోతే ఆల్టర్ మధ్యలో 1062 డూప్లికేట్ ఎర్రర్‌తో ఆగుతుంది. రెండోది, పాత కొలేషన్లు మాట చివరి ఖాళీని పట్టించుకోవు, 0900వి పట్టించుకుంటాయి. చివర స్పేస్ పడిన 'రావు', మామూలు 'రావు' నిన్నటిదాకా ఒకటే, మార్చాక వేరు. ముందే ట్రిమ్ చేయండి. మూడోది ఇండెక్స్ పొడవు. పాత రో ఫార్మాట్లలో ఇండెక్స్ కీకి 767 బైట్లే హద్దు. నాలుగు బైట్ల లెక్కన 191 గుర్తులు దాటితే ఒప్పుకోదు. పాత ప్రోగ్రాంలలో వార్‌చార్(191) అనే వింత అంకె అక్కడిదే. డైనమిక్ రో ఫార్మాట్‌లో 3072 బైట్ల దాకా, అంటే 768 గుర్తులు వెళ్లొచ్చు.

మీ పాత టేబుల్ కేవలం యూటీఎఫ్8 అని ఉంటే అది మూడు బైట్ల దాకానే పట్టే రకం. తెలుగుకు సరిపోతుంది, ఎమోజీకి చాలదు. డంప్‌ను (డేటాబేస్‌ను ఫైలుగా తీసిన కాపీని) పాత మరియాడీబీలో (మైఎస్‌క్యూఎల్ నుంచి చీలిన డేటాబేస్‌లో) ఎక్కించబోతే 0900 పేర్లు తెలియవని 1273 ఎర్రర్ వస్తుంది. మరియాడీబీ 10.10 నుంచి యూసీఏ1400_ఏఎస్_సీఐ ఉంది, డంప్ ఫైల్‌లో పేరు మార్చి అది వాడండి.

ప్రశ్న: మా సంస్థ జాబితాలో పేర్లు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింట్లో ఉంటాయి. ఉర్దూ పేర్లు కళ్లెదుటే ఉన్నా వెతికితే దొరకడం లేదు. (చార్మినార్)

ఎన్‌కోడింగ్ తప్పు కాదు. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ ఒక బైటు, ఉర్దూ రెండు, తెలుగు మూడు. ఒకే కాలమ్‌లో మూడూ హాయిగా ఉంటాయి. తేడా కీబోర్డులో వచ్చింది. ఉర్దూ యే నంబరు 06సీసీ, అరబ్బీ యే నంబరు 064ఏ. ఉర్దూ కాఫ్ 06ఏ9, అరబ్బీది 0643. పేరు మధ్యలో వచ్చినప్పుడు రెంటి రూపమూ దాదాపు ఒకటే. ఒక గుమాస్తా ఉర్దూ కీబోర్డుతో, ఇంకొకరు అరబ్బీ కీబోర్డుతో కొట్టి ఉంటారు. ఇవి యూనికోడ్ లెక్కలో వేర్వేరు అక్షరాలు, మొదటి అంచె బరువే వేరు. డిఫాల్ట్ కొలేషన్లు వీటిని కలపవు. ఎక్కించేటప్పుడు, వెతికేటప్పుడు అరబ్బీ నంబర్లను ఉర్దూ నంబర్లుగా రీప్లేస్ చేయడం నమ్మకమైన దారి. హే అక్షరానికీ ఇదే గొడవ: ఉర్దూది 06సీ1, అరబ్బీది 0647.

ప్రశ్న: సర్వర్‌ను ఉబుంటు 18.04 నుంచి 20.04కు మార్చాక పోస్ట్‌గ్రెస్‌లో ఉన్న రికార్డే వెతికితే లేదంటోంది. డేటా పోయిందా? (సికింద్రాబాద్)

పోలేదు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా వరస నియమాలను ఆపరేటింగ్ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీ నుంచి అరువు తెచ్చుకుంటుంది. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ నియమాలు పెద్ద ఎత్తున మారాయి. 18.04లో ఉన్నది 2.27, 20.04లో 2.31. మీ ఇండెక్స్ పాత వరసలో పేర్చి ఉంది, వెతికేవాడు కొత్త వరసలో వెతుకుతున్నాడు. ఉండాల్సిన చోట లేదు కాబట్టి లేదంటున్నాడు. టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయండి. అది పూర్తయ్యేదాకా కొత్త ఎంట్రీలు ఆపండి, లేకపోతే యూనిక్ కీని దాటుకుని డూప్లికేట్లు చొరబడతాయి. ఇప్పటికే చొరబడి ఉంటే రీఇండెక్స్ అక్కడే ఆగి చెబుతుంది, వాటిని తీసేసి మళ్లీ నడపాలి. ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్ హ్యాట్ లినక్స్) 7 నుంచి 8కి వెళ్లేవారికీ ఇదే వర్తిస్తుంది.

తెలుగు వరస విషయంలో మాత్రం పోస్ట్‌గ్రెస్‌దే పైచేయి. 10వ వెర్షన్ నుంచి ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ కొలేషన్లున్నాయి. ఆర్డర్ బై పేరు కొలేట్ "టీఈ-ఎక్స్-ఐసీయూ" అంటే సున్నకు ఔ తర్వాత, క ముందు సొంత స్థానం ఇస్తుంది. నంది, నకలు, నది అని నిఘంటువు వరసలోనే వస్తాయి. ఆ పేరును డబుల్ కొటేషన్లలో పెట్టాలి. డేటాబేస్ పుట్టించేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని చూసుకోండి. తర్వాత మార్చడం కుదరదు, డంప్ తీసి కొత్త డేటాబేస్‌లో పోయాల్సిందే.

ప్రశ్న: ఒరాకిల్‌లో వార్‌చార్2(20) కాలమ్‌లో 'హైదరాబాద్' పట్టడం లేదు, ఓఆర్ఏ-12899 వస్తోంది. ఉన్నవి తొమ్మిదే కదా? (దిల్‌సుఖ్‌నగర్)

తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. మీ 20 బైట్ల లెక్క, ఒరాకిల్ డిఫాల్ట్ అదే. వార్‌చార్2(20 చార్) అని రాయండి.

ప్రశ్న: పాత డీటీపీ ఫైళ్ల నుంచి అను ఫాంట్లలో ఉన్న పేర్లను డేటాబేస్‌లో ఎక్కించాం. ఏ కొలేషన్ పెడితే అకారాది వస్తుంది? (చిక్కడపల్లి నుంచే ఇంకొక పాఠకుడు)

ఏదీ రాదు. అను ఫాంట్లలో నిల్వ ఉన్నవి తెలుగు అక్షరాల నంబర్లు కావు, తెలుగు ముక్కల బొమ్మలు గీయించే లాటిన్ నంబర్లు. తలకట్టుకు ఒకటి, ఒత్తుకు ఒకటి, గుడికి ఒకటి ఉంటాయి. డేటాబేస్ వాటిని లాటిన్ అక్షరాలుగానే పేరుస్తుంది. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక ఒత్తులు, రావత్తు ఉన్న మాటలను మనిషి ఒకసారి చదవాలి, కన్వర్టర్లు ఎక్కువగా తడబడేది అక్కడే. సీఎస్‌వీగా దాచేటప్పుడు ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్న రకం ఎంచుకోండి. అది ఫైలు మొదట్లో ఈఎఫ్ బీబీ బీఎఫ్ అనే మూడు బైట్లు చేరుస్తుంది. ఎక్కించే ప్రోగ్రాం వాటిని తీసేయకపోతే మొదటి కాలమ్ పేరుకు అంటుకుని 'ఆ పేరుతో కాలమ్ లేదు' అని సతాయిస్తుంది.